షుగరు 'పోతుందా'? డైరెక్ట్ ట్రయల్ అంకెల్ని ఎలా చదవాలి

అందరికీ నమస్కారం. "మూడు నెలలు డైట్ చేస్తే షుగరు పోతుందట గదా" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఈ ఆశకు పెద్ద ఆధారం 2017 డిసెంబరులో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన 'డైరెక్ట్' (DiRECT) అనే ట్రయల్. మైక్ లీన్, రాయ్ టేలర్ అనే డాక్టర్లు స్కాట్లండ్‌లో, ఇంగ్లండ్‌లోని టైన్‌సైడ్‌లో చేశారు.

ముందు ఎవర్ని తీసుకున్నారో చూడండి. 20 నుంచి 65 ఏళ్లవాళ్లు, షుగరు బయటపడి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు. సగటు బరువు దాదాపు 100 కిలోలు. పదిహేనేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్న మనిషి ఈ ఫలితాన్ని తనకు అన్వయించుకోకూడదు.

మొదటి రోజే షుగరు, బీపీ మాత్రలు ఆపేశారు. మూడు నుంచి ఐదు నెలలు సూపులు, షేకులే ఆహారం, రోజుకు 825-853 కేలరీలు. తర్వాత రెండు నుంచి ఎనిమిది వారాల్లో మామూలు భోజనం మెల్లగా మొదలు. అక్కడితో వదిలేయలేదు, నెలనెలా పిలిచి చూశారు. ఇక్కడ చాలామంది ఎగరగొట్టేది ఈ భాగమే.

ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 6.5 కన్నా తగ్గింది, మామూలు వైద్యం పొందినవాళ్లలో 4 శాతానికే. అసలు సంగతి లోపలి పట్టికలో ఉంది: 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో 86 శాతం, 5 నుంచి 10 కిలోలు తగ్గినవాళ్లలో 34 శాతం మందికి ఈ ఫలితం వచ్చింది. బరువు పెరిగినవాళ్లలో ఒక్కరికీ రాలేదు. రెండో ఏడాదికి 46 కాస్తా 36 అయింది. అందుకే నేను 'నయం' అనను, 'ఉపశమనం' అంటాను.

ఇంట్లో సొంతంగా మొదలుపెడితే ఏం తేడా కొడుతుంది? గ్లిమెపిరైడ్ (ఇన్సులిన్ ఊరేలా చేసే షుగరు మాత్ర) వేసుకుంటూ తిండి తగ్గిస్తే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం. గ్లిఫ్లోజిన్ మాత్రల (షుగర్ని మూత్రంలో పంపేవి, పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉంటుంది) మీద అన్నం మానేస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుంటాయి, మీటరులో షుగరు మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి వాంతుల్ని గ్యాస్ అనుకుని ఆలస్యం చేస్తారు. ఇది ప్రాణం మీదికొస్తుంది. బీపీ మాత్ర తగ్గించకపోతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. మలబద్ధకం మామూలే. బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లూ రావచ్చు.

పైగా ఆ ట్రయల్లో దాదాపు అందరూ శ్వేతజాతీయులే. మన దగ్గర 62 కిలోల మనిషికీ షుగరు వస్తుంది. ఆయన్ని 15 కిలోలు తగ్గమనడం వైద్యం కాదు. ఎవరికెంత అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. మొదలుపెట్టేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), కంటి రెటీనా పరీక్ష చేయించండి, షుగరు ఒక్కసారిగా దిగితే రెటీనా దెబ్బ ముదరవచ్చు. ఉపశమనం వచ్చాక కూడా ఏటా కన్ను, కిడ్నీ, పాదాల పరీక్షలు ఆపకండి.