"సార్, ఇది షేక్ అయింది, వేరేది పంపండి"

నేను: అందరికీ నమస్తే. రికార్డింగ్ కోసం ఫ్యాన్ ఆపేశాం, విజయవాడ ఉక్క సంగతి తెలిసిందే, మధ్యలో ఎవరైనా ఉస్సురంటే అది మా బాబాయే. రిటైరయ్యాక కెమెరా పట్టుకుని తెల్లారకముందే కృష్ణ ఒడ్డుకి పోతాడు, చెట్లనీ గడ్డినీ కావాలని కెమెరా కదుపుతూ నలుపు తెలుపులో తీస్తాడు. బాబాయ్, ముందు ఆ ల్యాబ్ సంగతి చెప్పు.

బాబాయ్: ఏముందమ్మా, రెల్లు ఫొటో ఒకటి పెద్ద సైజులో ప్రింటు వేయమని ఇచ్చా. సాయంత్రం ఫోను, "సార్, ఇది షేక్ అయింది, వేరేది పంపండి" అని. పర్లేదు, అదే వెయ్యవయ్యా అన్నా. తీరా వెళ్తే, ఆ కుర్రాడు నా మీద జాలిపడి కంప్యూటర్లో షార్ప్ చేసి మరీ వేశాడు! గీతల అంచులన్నీ రంపం పళ్ళలా తేలాయి. తిట్టబుద్ధి కాలేదు, సాయం చేశాననుకుంటున్నాడు పాపం.

నేను: నిజం చెప్పనా, నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఎలా కదిపినా ఏదో ఒకటి వస్తుంది కదా, ఇందులో పనితనం ఏముంది?

బాబాయ్: ఏదో ఒకటి వస్తుంది, చిక్కంతా అక్కడే. ఉండవల్లి వైపు గట్టు మీద తాటిచెట్టు ఉందనుకో. మానుతో పాటే కెమెరాని పైనుంచి కిందకి కదిపితే మాను గీతలా నిలుస్తుంది, వెనక అడ్డంగా పోయే కరెంటు వైర్లు, గట్టు, అన్నీ కరిగిపోతాయి. అదే అడ్డంగా కదిపావా, మానే మాయం! మాను నల్లన, ఆకాశం తెల్లన, షట్టర్, అదే వెలుతురుని లోపలికి వదిలే కెమెరా తలుపు, తెరిచున్నంతసేపూ మాను జరిగిన చోటల్లా ఆకాశం వెలుతురు వచ్చి పడుతుంది. వెలుతురు చీకటిని తినేస్తుందమ్మా. రెల్లుకి ఇది తిరగబడుతుంది. తెల్లటి పువ్వు, వెనక నీడలో నల్లటి నీళ్ళు, ఎటు కదిపినా తెల్లగీత పడాల్సిందే. అందుకే వానలు వెనకబట్టాక, సీతానగరం వైపు రెల్లు పూస్తే నేను ఇంట్లో ఉండను.

నేను: షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచుతావు?

బాబాయ్: చెట్లకి పావు సెకను నుంచి అర సెకను. మిట్టమధ్యాహ్నం మన ఎండలో వెలుతురుని తక్కువగా పట్టే ఐఎస్ఓ 100, లెన్స్ కన్నాన్ని బాగా మూసే ఎఫ్/16 పెట్టినా సెకనులో 100వ వంతుకే వెలుతురు సరిపోతుంది, ఇక కదపడానికి టైమేదీ? వెలుతురులో 64వ వంతే లోపలికి పోనిచ్చే నల్లటి అద్దం, ఎన్‌డీ ఫిల్టర్ అంటారు, లెన్స్‌కి బిగిస్తే అర సెకను దాటుతుంది. తెల్లారుజామున అదీ అక్కర్లేదు. చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ మాత్రం ఆపెయ్యాలి, లేకపోతే నువ్వు కదుపుతుంటే అది ఆపడానికి చూస్తుంది. ఇంకోటి, షట్టర్ నొక్కాక కదపడం మొదలుపెడితే మొదట్లో కుదుపు పడుతుంది. మీ పిన్ని ముగ్గు వెయ్యడం చూశావా? పిండి వదలకముందే చెయ్యి కదులుతూ ఉంటుంది, గీత అయిపోయాక కూడా కాస్త ముందుకి పోతుంది. అచ్చం అలాగే.

నేను: మరి నలుపు తెలుపే ఎందుకు?

బాబాయ్: కలర్‌లోనూ చేస్తారు. 1950ల్లోనే ఎర్నెస్ట్ హాస్ అనే ఫొటోగ్రాఫర్ స్పెయిన్ ఎద్దుల పోరాటాల్ని నెమ్మది షట్టర్‌తో కలర్‌లో తీశాడు. నాకు మాత్రం పచ్చరంగు కనిపించగానే కన్ను "ఓ, గడ్డి" అని పేరు పెట్టేసి ముందుకి పోతుంది. అలాగని రంగు తీసేస్తే పనైపోదు. వరద రోజుల్లో కృష్ణ ఎర్రనీళ్ళు, ఒడ్డున పచ్చగడ్డి కంటికి బ్రహ్మాండంగా విడివిడిగా ఉంటాయి, నలుపు తెలుపులోకి మార్చగానే రెండూ కలిసి బూడిదముద్ద. కలర్‌లో తీసి పెట్టుకుంటే, మార్చేటప్పుడు కంప్యూటర్లో ఎరుపు స్లైడర్ పెంచితే నీళ్ళు తెల్లబడి గడ్డి విడిపోతుంది.

నేను: ఆ ప్రింటు ఇక్కడే ఉంది. బాబాయ్, ఈ మూలన నల్లచుక్క, పక్షా?

బాబాయ్: దుమ్మమ్మా. కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ మీద దుమ్ము, ఎఫ్/16 దాకా మూస్తే బయటపడుతుంది. కెమెరాతో పాటే కదులుతుంది కాబట్టి మిగతావన్నీ చెదిరినా అది ఉన్నచోటే ఉంటుంది. ఆ కుర్రాడు దానికే మురిసిపోయాడు, "ఇదొక్కటీ బాగా వచ్చింది సార్" అని.

నేను: (నవ్వు) చెరిపేస్తావా?

బాబాయ్: ఈసారి ఇచ్చేముందు. రేపు 5:30 కల్లా తయారుగా ఉండు, చెప్పులు కాదు, బూట్లు వేసుకో, అక్కడంతా ముళ్ళు.