కొండ మీద ఫోన్ మోగే ఆట: పర్లాకిమిడి సెలవుల వ్లాగ్

నమస్కారం అండీ. ఈసారి నా వెనకాల కెనడాలో మా బ్రాంప్టన్ మంచు కనిపించదు. ఇది మా అమ్మ పెరడు. పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా. ఆ బాదం చెట్టు కింద నులక మంచం, దాని మీద నా స్టీమ్ డెక్, అంటే చేతిలో పట్టుకుని వీడియో గేములు ఆడుకునే యంత్రం. పెద్ద పండక్కి మూడు వారాల సెలవు మీద వచ్చాను.

ఊరు తెలియనివాళ్లకి ఒక్క మాట. ఇక్కణ్ణుంచి పాతపట్నం ఆటోలో వెళ్లి రావొచ్చు. అది ఆంధ్రా, ఇది ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా ఊరు అందులో కలిసింది. దారిలో మీకు తేడా తెలిసేది షాపు బోర్డుల మీద అక్షరాల్లోనే. మాట మాత్రం అటూ ఇటూ ఒకటే యాస. నేను బడిలో ఒడియా చదువుకున్నాను, ఇంట్లో తెలుగు మాట్లాడాను. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇవాళ నేను చెప్పబోయే ఆటలన్నీ చివరికి అక్షరాల దగ్గరికే వచ్చి ఆగాయి.

నేను ఆడేవి చిన్న ఆటలు. ఒక్కరో ఇద్దరో కూర్చుని చేసినవి. విమానంలో, ఆ తర్వాత విశాఖ నుంచి గుణుపురం ప్యాసింజర్‌లో మళ్లీ ఆడింది 'ఎ షార్ట్ హైక్'. ఆడం రాబిన్సన్ యూ అనే ఆయన చేశాడు, 2019లో వచ్చింది. క్లెయిర్ అని ఒక పిట్టపిల్ల. వాళ్ల ఆంట్ మే పనిచేసే పార్కుకి సెలవులకి వస్తుంది. ముఖ్యమైన ఫోన్ ఒకటి రావాలి, పార్కులో సిగ్నల్ లేదు. హాక్ పీక్ అనే శిఖరం ఎక్కితే దొరుకుతుందంటారు. ఆట మొత్తం ఇంతే. తిన్నగా వెళ్తే రెండు గంటలు కూడా పట్టదు. కానీ తిన్నగా వెళ్లబుద్ధి కాదు. దారిలో ఒక బాబు గవ్వలు ఏరిపెట్టమంటాడు, ఇంకెవరో కర్రతో బంతి కొట్టే ఆటకి రమ్మంటారు. బంగారు ఈకలు దొరికేకొద్దీ ఇంకాస్త ఎత్తు ఎక్కగలం. మనం ఎక్కడున్నామో చూసుకుని పాట కూడా మెల్లగా మారిపోతుంది. ఇది మార్క్ స్పార్లింగ్ సంగీతం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి.

మొన్న రాత్రి అమ్మ పక్కనే కూర్చుని చూసింది.

"ఏటే, ఆ పిట్ట ఎక్కడికెల్తంది?"

"కొండ మీదకమ్మా. ఫోన్ సిగ్నల్ కోసం."

"ఎవులు సేత్తారు దానికి ఫోను?"

ఇక్కణ్ణుంచి కథ చివర చెప్పేస్తున్నాను. ఆడదామనుకునేవాళ్లు ఒక్క నిమిషం ముందుకి జరుపుకోండి. శిఖరం మీదకి చేరగానే ఆకాశమంతా రంగుల వెలుగు, అప్పుడు ఫోన్ మోగుతుంది. చేసేది అమ్మ. ఆమెకి ఆపరేషన్ అయింది, బాగానే ఉన్నానని చెబుతుంది. పిల్లని ఆ రోజు దూరంగా పంపించింది అందుకే.

అమ్మ మాట్లాడలేదు. నిరుడు అమ్మకి కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది. నాకు చెప్పింది కట్టు విప్పాక. అప్పుడు బ్రాంప్టన్‌లో తెల్లవారుజాము, బస్టాపులో నిలబడి ఉన్నాను, చేతులు గడ్డకట్టి ఫోన్ సరిగా పట్టుకోలేకపోయాను. "బెంగెట్టుకుంటావని సెప్పనేదే" అంది అప్పుడు. మొన్న రాత్రి ఆ పిట్ట కొండ మీద నుంచి ఎగిరి కిందకి జారుతుంటే, అమ్మ నా మోకాలు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. ఇది వీడియోలో లేదండీ, కెమెరా ఆపేశాను.

ఆదివారం మహేంద్రగిరి వెళ్లాం. మా జిల్లాలోనే, 1501 మీటర్ల ఎత్తు. శివరాత్రికి జనం కిటకిటలాడతారు, మొన్న మాత్రం మేమూ గాలీ. మాకు ఆటకి పూర్తిగా తిరగబడింది, ఎక్కేకొద్దీ సిగ్నల్ పోయింది. భీముడి గుడి రాళ్ల మీద కూర్చుని మా అక్క కొడుకు ఒక్కటే అడిగాడు: "పిన్నీ, ఇక్కడ ఈకలు ఎక్కడుంటాయి?"

రెండో ఆట 'వెంబా'. 2023లో వచ్చింది, చేసినవాళ్లది మా టొరంటోనే. 1980లలో కెనడాకి వచ్చిన తమిళ కుటుంబం కథ. తల్లి వంటల పుస్తకం చిరిగి, మరకలు పడి ఉంటుంది. పోయిన మాటల్ని మనం ఊహించుకుని వండాలి. మొదటి వంట ఇడ్లీ. నేను ఇక్కడ నేర్పుదామనుకుని డెక్ అమ్మ చేతికిచ్చాను. ఆమె తెర చూసి, "రేకులు ఒకదాని మీద ఒకటి తిన్నగా పెట్టకే, ఎడం తప్పించి పెట్టు, ఆవిరాడాల" అంది. ఆటలో చిక్కుముడి అదే! నేను బ్రాంప్టన్‌లో రెండు సార్లు తప్పు పెట్టాను. ఆ ఇంటి కొడుకు తమిళంలో పిలిస్తే ఇంగ్లీషులో జవాబిచ్చే చోట మాత్రం నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. అలాంటి పిల్లల్ని మా వీధిలో రోజూ చూస్తున్నాను.

లూకస్ పోప్ 2013లో చేసిన 'పేపర్స్, ప్లీజ్' కూడా చూపించాను మా అక్క కొడుక్కి. సరిహద్దు గేటు దగ్గర కూర్చుని పాస్‌పోర్టులు చూసి ముద్ర కొట్టే ఉద్యోగి ఆట. చాలా గొప్ప ఆట. కానీ 12 ఏళ్లవాడికి బరువెక్కువ, పావుగంటలో ఆపేశాం. విమానాశ్రయాల్లో గాజు వెనకున్న మనిషి మన కాగితాలు తిప్పుతుంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఆడండి.

ఇప్పుడు బొమ్మల సంగతి. ఇదిగో, నాన్న బైండు చేయించిన పాత చందమామలు. 1947లో మద్రాసులో మొదలైన పత్రిక అని మీకు తెలుసు. ఒడియాలో అదే జహ్నమాము. మా ఇంటికి రెండూ వచ్చేవి. మోడుబారిన చెట్టు, భుజాన శవం, చేతిలో కత్తి, శంకర్ గీసిన ఆ బేతాళుడి బొమ్మ రెండింట్లోనూ ఒకటే. కింద అక్షరాలే వేరు. బళ్లో తెలుగు లేదు కాబట్టి నేను తెలుగు చదవడం నేర్చుకున్నది ఇలాగే: రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, బొమ్మని పట్టుకుని, తెలిసిన ఒడియా మాట నుంచి తెలియని తెలుగు మాటకి వెళ్లడం. ఆ అట్టల మీద 'వపా' సంతకం కనిపిస్తుందే, వడ్డాది పాపయ్య గారు, ఆయన పుట్టింది ఇక్కడే పక్కన శ్రీకాకుళంలో.

మావాడికి నేను తెచ్చిన పుస్తకం 'భీమాయన'. అంబేడ్కర్ జీవితం, 2011లో వచ్చింది. నవయాన అనే చిన్న ప్రచురణ సంస్థది. బొమ్మలు గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు. మామూలు కామిక్స్‌లా డబ్బాలు గీసి కథని అందులో పెట్టడానికి వాళ్లు ఒప్పుకోలేదు. మెత్తగా మాట్లాడేవాళ్ల మాట పిట్ట ఆకారంలో ఉంటుంది, కరుగ్గా మాట్లాడేవాళ్ల మాటకి తేలు కొండి ఉంటుంది. మావాడు అది చూసి, "సవరోళ్ల గోడల్లాగ ఉంది పిన్నీ" అన్నాడు. నిజమే. మా కొండల్లో సవర గిరిజనుల ఇళ్ల గోడల మీద ఎర్రమట్టి పూతపై తెల్లటి గీతల మనుషులు, ఏనుగులు, చెట్లు ఒకే చట్రంలో కిక్కిరిసి ఉంటారు. కథ ఎక్కడ మొదలవుతుందో మన కన్నే వెతుక్కోవాలి. గోండు బొమ్మ వేరు, సవర బొమ్మ వేరు, కలిపేయకూడదని చెప్పాను. అయినా వాడి కన్ను అంత దూరం వెళ్లినందుకు చాలా సంతోషమైంది.

వాడు ఆ తర్వాత అడిగిన ప్రశ్నకే ఈ వ్లాగ్ తీశాను. "ఈ ఆటలు తెలుగులో ఎందుకుండవు?" వెంబా వాళ్లు తమిళాన్ని ఎంత ముద్దుగా తెర మీదకి తెచ్చారో చూశాక నాకూ అదే గుచ్చుకుంటోంది. లక్షల మాటలున్న పెద్ద ఆటలు వద్దు, షార్ట్ హైక్ లాంటివి చాలు. అవి ఇద్దరు ముగ్గురు కూర్చుంటే అయ్యే పని. గిడుగు రామమూర్తి గారు పంతులుగా ఉండి సవర భాష నేర్చుకున్నది ఈ ఊళ్లోనే. మనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో రాయాలని పోరాడింది ఆయనే. పిట్టపిల్ల గ్రాంథికం మాట్లాడితే ఎవరాడతారు చెప్పండి?

అందుకని షార్ట్ హైక్‌లో మాటల్ని మేమే మన భాషల్లో రాద్దామని 200 పేజీల నోటుబుక్కు కొన్నాం. ఎడమ పేజీ ఒడియా, కుడి పేజీ తెలుగు. రోజూ సాయంత్రం పది మాటలు. ఎవరికీ పంపించే లెక్క ఇంకా లేదు, ముందు రాయాలి. నిన్న మొదటి పేజీలోనే చిక్కొచ్చింది. ఆంట్ మే. ఇంగ్లీషుకి ఒక్క మాట సరిపోయింది, మాకు రెండు భాషల్లోనూ సరిపోలేదు. నాన్న చెల్లెలా, అమ్మ చెల్లెలా, అమ్మకి అక్కా? ఆటలో ఎక్కడా చెప్పినట్టు నాకు గుర్తులేదు. నేను అత్త అన్నాను. వాడు ఒప్పుకోలేదు.

"ఆపరేషన్ అప్పుడు వాళ్లమ్మ పిల్లని ఎవరి దగ్గరికి పంపుతాది? చెల్లి దగ్గరికే."

ఒడియా పేజీలో 'మావుసీ' అని రాశాడు. ఇటువైపు, అక్షరాలు ఇంకా కుదురుగా రావు వాడికి, నాలుక బయటపెట్టి మెల్లగా రాశాడు. చూడండి, దగ్గరగా చూపిస్తున్నాను. 'పిన్ని'. ఆ 'న్న' ఒత్తు మూడుసార్లు చెరిపి రాశాడు.