పిల్లలకి ఏ గేమ్ మెషీన్ కొనాలి? ముందు వెనక మూత చూడండి

నమస్కారం అండి. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, నాకొచ్చే మెసేజీలు దాదాపు ఒకేలా ఉంటాయి. "అన్నా, బాబుకి తొమ్మిదేళ్లు. సెలవులు ఇచ్చేశారు. పొద్దున లేస్తే ఫోన్ వదలడం లేదు. ఫోన్ కాకుండా చేత్తో పట్టుకుని ఆడుకునే మెషీన్ ఏదైనా చెప్పు, ఐదు వేల లోపు." ఇంకొకరు అడుగుతారు, "మా బావగారు డాలస్ నుంచి వస్తున్నారు, నింటెండో స్విచ్ తెప్పించుకోమంటారా?" స్విచ్ అంటే జపాన్ కంపెనీ నింటెండో చేసే, చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషీన్. ఈ రెండు ప్రశ్నలకీ ఈ రోజు వివరంగా జవాబు చెప్తాను.

చేతిలో పట్టుకునే వస్తువు ఏదైనా సరే, నేను ముందు వెనక్కి తిప్పి చూస్తాను. బ్యాటరీకి మూత ఉందా? మనమే తీయగలమా? లోపలున్న బ్యాటరీ మన ఊళ్లో దొరుకుతుందా? దొరక్కపోతే రెండేళ్ల తర్వాత దీన్ని విప్పి బాగుచేసేవాళ్లు దగ్గర్లో ఎవరైనా ఉన్నారా? స్క్రీన్ ఎంత బాగుంది, ప్రాసెసర్ ఏంటి అన్నది తర్వాతి సంగతి. పిల్లల వస్తువు పారేసేది సాధారణంగా స్క్రీన్ చిన్నదైనందుకు కాదు. బ్యాటరీ చచ్చిపోయిందనో, బటన్ పనిచేయడం లేదనో పారేస్తాం.

మన ఊళ్లో ఎక్కువగా అమ్ముడుపోయేదాన్నే ముందు చూద్దాం. అరచేతిలో పట్టే చిన్న డబ్బా, ముందు 'సప్' అని రాసి ఉంటుంది, "400 గేమ్స్" అని పెట్టె మీద ఉంటుంది. కోఠీ గుజరాతీ గల్లీ నుంచి ఊరి తిరునాళ్ల దాకా ఎక్కడైనా దొరుకుతుంది. ఎక్కువ షాపుల్లో వెయ్యి రూపాయల లోపే. దీని వెనక మూత గోటితోనే తీయొచ్చు. తీస్తే లోపల ఉండేది బీఎల్-5సీ రకం బ్యాటరీ. అవును, ఒకప్పుడు నోకియా 1100 ఫోన్‌లో ఉండేదే. అదే సైజు, అవే మూడు బంగారు రంగు చుక్కలు. ఇది పాడైతే ఏ మండల కేంద్రంలో ఏ మొబైల్ షాప్‌లో అడిగినా ఇస్తారు. మన కొలబద్ద ప్రకారం ఇది మంచి మార్కులు కొట్టేసినట్టే. నెట్ ఉండదు, యాడ్స్ రావు, "ఇంకో లైఫ్ కావాలంటే డబ్బు కట్టు" అనే గొడవ లేదు.

అయినా నేను దీన్ని కొనమని చెప్పలేను. ఒక కారణం, ఇందులో ఉండే ఆటలు చాలావరకు 1980ల నాటి టీవీ గేముల నకళ్లు, తయారుచేసినవాళ్ల అనుమతి లేకుండా ఎక్కించినవి. 400 అని రాసినా, కొంచెం కిందికి వెళ్తే అదే ఆట పేరు మార్చుకుని మళ్లీ కనిపిస్తుంది. ఆట సగంలో ఆపి రేపు కొనసాగించడం కూడా కుదరదు. దీనికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఛార్జింగ్. ఇంత చవక డబ్బాలో లిథియం బ్యాటరీని కాపాడే సర్క్యూట్ ఎంత నాణ్యమైనదో పైనుంచి చూస్తే తెలియదు. నోకియా సొంత బ్యాటరీల్లోనే, 2007లో, ఒక సరఫరాదారు తయారుచేసిన 4.6 కోట్ల బీఎల్-5సీలు ఛార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉందని కంపెనీయే ప్రకటించి, ఉచితంగా మార్చి ఇస్తామని చెప్పింది. అంత పెద్ద కంపెనీకే అలా జరిగింది. మరి పేరూ ఊరూ లేని నకిలీ బీఎల్-5సీ సంగతేంటి?

ఇప్పటికే మీ ఇంట్లో ఈ డబ్బా ఉంటే పారేయకండి. పెద్దవాళ్లు మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్ పెట్టండి. పరుపు మీద, దిండు కింద వద్దు. ఫోన్ ఫాస్ట్ ఛార్జర్‌కి పెట్టొద్దు, మామూలు ఐదు వోల్టుల ఛార్జర్ చాలు. ఛార్జింగ్‌లో ఉండగా ఆడనివ్వకండి. నెలకోసారి మూత తీసి బ్యాటరీని బల్ల మీద పెట్టి చూడండి. చదునుగా పడుకోకుండా మధ్యలో ఉబ్బి గుండ్రంగా తిరిగితే దాని పని అయిపోయినట్టే. పొడవకండి, చెత్తబుట్టలో వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి.

ఆరేడేళ్ల పిల్లలకైతే నేను ఇంకా వెనక్కి వెళ్తాను. పాత బ్రిక్ గేమ్ గుర్తుందా? "9999 ఇన్ 1" అని రాసి, ఇటుకలు పేర్చే ఆట, పాము, కారు రేసు. ఇప్పటికీ అమ్ముతున్నారు. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే వారాల తరబడి వస్తుంది. లిథియం లేదు, ఛార్జర్ లేదు. సెల్స్ మూతకి స్క్రూ ఉన్నది చూసి తీసుకోండి, అంతే.

బ్యాటరీ గురించి నేనింత పట్టుబట్టడానికి చరిత్రలో ఒక బలమైన ఉదాహరణ ఉంది. 1989లో నింటెండో గేమ్ బాయ్ అనే చేతి గేమ్ మెషీన్ తెచ్చింది. తయారుచేసిన బృందానికి పెద్ద గున్‌పే యొకోయి. అదే ఏడాది పోటీగా అటారీ కంపెనీ లింక్స్ మెషీన్ రంగుల స్క్రీన్‌తో వచ్చింది, మరుసటి ఏడాది సెగా గేమ్ గియర్ కూడా రంగులతోనే వచ్చింది. గేమ్ బాయ్‌కి రంగుల్లేవు, నాలుగే ఛాయలు. స్క్రీన్ వెనక లైటు కూడా లేదు. షాపులో పక్కపక్కన పెడితే గేమ్ బాయ్ వెలవెలబోయేది. కానీ గేమ్ గియర్ ఆరు సెల్స్‌ని మూడు నుంచి ఐదు గంటల్లో తినేసేది. గేమ్ బాయ్ నాలుగు సెల్స్‌తో పది గంటలు దాటి ఆడేది. ఎప్పటికప్పుడు ఆరు సెల్స్ కొనిపెట్టే ఓపిక ఏ తల్లిదండ్రులకి ఉంటుంది? గేమ్ బాయ్, తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. పాతబడి, చవకైపోయి, అందరికీ బాగా తెలిసిన టెక్నాలజీతోనే కొత్త ఆలోచన చేయాలన్నది యొకోయి పద్ధతి. వస్తువులు ఎంచుకునేటప్పుడు నాకు ఆ పద్ధతి మీద చాలా గౌరవం.

సరే, బావగారి స్విచ్ దగ్గరికి వద్దాం.

స్విచ్ మంచి మెషీన్. పిల్లలకి తగిన ఆటలు ఇన్ని ఉన్న మెషీన్ నాకు ఇంకోటి కనిపించలేదు. అన్నాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చుని ఒకే ఆట ఆడుకోవచ్చు. కానీ 2017లో స్విచ్ వచ్చినప్పటి నుంచి మన దేశంలో నింటెండో దాన్ని అధికారికంగా అమ్మలేదు. ఇక్కడ షాపుల్లో కనిపించేవి బయట నుంచి తెచ్చినవి. అంటే వారంటీ షాపువాడి మాట మీదే. అందుకే ఏ మోడల్ తెప్పించాలి అన్న ప్రశ్నకి నా జవాబు అమెరికాలో ఉండేవాళ్లకి చెప్పే జవాబు కంటే వేరుగా ఉంటుంది.

స్విచ్ లైట్ అని 2019లో వచ్చింది. చవక, తేలిక, 275 గ్రాములే, పిల్లల చేతికి సరిగ్గా సరిపోతుంది. అక్కడివాళ్లు పిల్లలకి అదే కొంటారు. మనకి మాత్రం నేను లైట్ వద్దంటాను. ఎందుకంటే, స్విచ్‌కి బాగా తెలిసిన జబ్బు ఒకటుంది, డ్రిఫ్ట్ అంటారు. మనం వేలితో తిప్పే ఆ చిన్న స్టిక్ లోపల కార్బన్ పూత మీద సన్నని లోహపు రేకు జారుతూ ఉంటుంది. ఆడగా ఆడగా ఆ పూత అరిగిపోతుంది. అప్పుడు వేలు పెట్టకపోయినా బొమ్మ తనంతట తానే ఒక పక్కకి నడుస్తుంది. మామూలు స్విచ్‌లో, 2021లో వచ్చిన ఓలెడ్ మోడల్‌లో ఆ స్టిక్‌లు పక్కన జారించి తీసే కంట్రోలర్లలో, అంటే జాయ్-కాన్‌లలో ఉంటాయి. పాడైతే జాయ్-కాన్ ఒక్కటే మార్చుకుంటాం, మెషీన్‌కి ఏమీ కాదు. లైట్‌లో అవి మెషీన్‌కే అతికి ఉంటాయి. మొత్తం విప్పాలి. విప్పడానికి మామూలు స్క్రూడ్రైవర్ సరిపోదు, మూడు గీతల స్క్రూలు ఉంటాయి. హైదరాబాద్‌లో ఉంటే ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ వైపో, సికింద్రాబాద్ పార్క్ లేన్ వైపో వెళ్లి మరమ్మతు చేసేవాళ్లని వెతుక్కోవచ్చు. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉంటే ఏం చేస్తారు? మళ్లీ బావగారు వచ్చేదాకా ఆగాలి. కాబట్టి కాస్త ఎక్కువైనా స్టిక్ ఊడి వచ్చే మోడలే తెప్పించుకోండి. అదనంగా ఒక జత జాయ్-కాన్‌లు కూడా తెమ్మంటే ఇంకా నిశ్చింత.

ఛార్జర్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, మన కరెంటుకి సరిపోతుంది. పిన్నులు చదునుగా ఉంటాయి కాబట్టి చిన్న ప్లగ్ అడాప్టర్ కావాలి. గేమ్ కార్డులకి దేశాల అడ్డు లేదు, అమెరికాలో కొన్నది ఇక్కడ ఆడుతుంది. అసలు ఖర్చు ఉండేది ఆ కార్డుల్లోనే. అక్కడ కొత్త పెద్ద ఆట ఒకటి 60 డాలర్లు, అంటే మనకి ఐదు వేల పైమాటే. మెషీన్ బహుమతిగా వచ్చింది కదా అని సంబరపడితే సరిపోదు, ఏడాదికి రెండు మూడు ఆటలు కొనగలమా అని ముందే ఇంట్లో మాట్లాడుకోండి. డౌన్‌లోడ్ కంటే కార్డు కొనడమే మేలు, ఆడేశాక అమ్ముకోవచ్చు, పక్కింటివాళ్లతో మార్చుకోవచ్చు.

2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చింది. డబ్బుంటే తీసుకోండి, పాత స్విచ్ ఆటల్లో దాదాపు అన్నీ దాని మీద ఆడతాయి. రెండు జాగ్రత్తలు మాత్రం. జపాన్‌లో ఉన్న చుట్టాలు "ఇక్కడ చవక" అంటే ఆగండి. అక్కడ తక్కువ ధరకి అమ్మేది జపనీస్ భాషలో మాత్రమే, జపాన్ అకౌంట్‌తో మాత్రమే పనిచేసే మోడల్. ఇంకోటి, కొన్ని ఆటల పెట్టె మీద 'గేమ్ కీ కార్డ్' అని ఉంటుంది. ఆ కార్డులో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే. ఆటంతా నెట్ నుంచి దించుకోవాలి. ఊళ్లో మొబైల్ డేటా మీద బతికేవాళ్లకి అది భారం.

స్టీమ్ డెక్, రాగ్ ఆలై లాంటివి అడిగేవాళ్లూ ఉన్నారు. ఇవి జేబులో పట్టని చిన్న కంప్యూటర్లు. రాగ్ ఆలై 2023లో ఇక్కడ అధికారికంగానే 69,990 రూపాయలకి వచ్చింది, సర్వీస్ పరంగా అది నయం. కానీ పెద్ద ఆట పెడితే రెండు గంటలు నిలవడం కష్టం. ఇంటర్ చదివే అబ్బాయికి ఆ డబ్బుతో లాప్‌టాప్ కొనివ్వండి. నా మాట అదే.

ఐదు వేల లోపు అడిగిన అన్నలకి, అక్కలకి, ఇప్పుడు అసలు సలహా. మీ ఇంట్లో సొరుగులో పాత ఫోన్ ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. బ్యాటరీ మార్పించండి. పేరున్న షాప్‌లో బిల్లుతో చేయించండి. తర్వాత ఫోన్ మొత్తం రీసెట్ చేసి, పిల్లల పేరుతో అకౌంట్ పెట్టి, గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో సమయం కట్టడి చేయండి. సిమ్ వేయొద్దు. ఆటల కోసం యాడ్స్ లేని దారులు రెండున్నాయి. మీకు ఇప్పటికే నెట్‌ఫ్లిక్స్ ఉంటే, అందులోనే మొబైల్ గేమ్స్ వస్తాయి. యాడ్స్ ఉండవు, మధ్యలో డబ్బు అడగవు. చాలామందికి ఈ సంగతే తెలియదు. లేదంటే గూగుల్ ప్లే పాస్, అంటే చందా కట్టి యాడ్స్ లేకుండా ఆటలు ఆడుకునే సేవ. 2022లో మన దేశంలో మొదలైనప్పుడు నెలకి 99, ఏడాదికి 889 రూపాయలు పెట్టారు. దానికి తోడు ఒక బ్లూటూత్ కంట్రోలర్. కొనేటప్పుడు 'హాల్ ఎఫెక్ట్' స్టిక్ ఉన్నది అడగండి. అందులో కార్బన్ పూత మీద రాపిడి ఉండదు, అయస్కాంతంతో పనిచేస్తుంది, అందుకే ఆ రకం డ్రిఫ్ట్ రాదు. కంట్రోలర్‌తో ఆడగలిగే ఆటేనా అని దించుకునే ముందు చూసుకోండి, అన్నీ ఆడవు.

ఛార్జర్లు, పవర్ బ్యాంకుల మీద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబర్ కొడితే అది ఏ కంపెనీకి ఇచ్చిందో చూపిస్తుంది. పెట్టె మీద ఒక పేరు, యాప్‌లో సంబంధం లేని ఇంకో పేరు వస్తే కొనకండి. బిల్లు ఉండి కూడా షాపువాళ్లు మార్చి ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

రివ్యూలు ఎవరివి చూడాలి అనీ అడుగుతున్నారు. నావి సహా అన్నిటికీ ఒకే పరీక్ష పెట్టండి. ఆ వస్తువు ఎలా వచ్చిందో చెప్పారా? డబ్బు తీసుకున్నా, ఉచితంగా వస్తువు తీసుకున్నా ఆ సంగతి చూసేవాళ్లకి స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటన చేస్తే పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే వీలుంది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అని 1936 నుంచీ ఒక సంస్థ ఉంది. పరీక్షించే వస్తువులని మామూలు కొనుగోలుదారుల్లా డబ్బిచ్చి కొంటారు, ప్రకటనలు తీసుకోరు. అహ్మదాబాద్‌లో సీఈఆర్‌సీ అనే వినియోగదారుల సంస్థ 1978 నుంచి పనిచేస్తోంది. అలాంటి పని తెలుగులో ఎవరైనా పెద్ద ఎత్తున చేస్తే చూడాలని నాకు చాలా కోరిక. అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. వస్తువు పేరు పక్కన "ఆరు నెలల తర్వాత" అని వెతకండి. పెట్టె విప్పిన రోజు తీసిన వీడియోలో బ్యాటరీ ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఈ వీడియోకి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు, ఎవరూ వస్తువు పంపలేదు, కింద కొనుగోలు లింకులు కూడా లేవు. వచ్చే వీడియో పవర్ బ్యాంకుల మీద. ఈలోపు మీ పవర్ బ్యాంక్ తిప్పి చూడండి. ముందు పెద్ద అక్షరాల్లో 10,000 ఎంఏహెచ్ అని ఉంటే, వెనక సన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఇంకో అంకె, దాదాపు ఆరు వేల దగ్గర, ఉంటుంది. బ్రాండ్ పేరుతో సహా ఆ రెండో అంకె కామెంట్లలో రాయండి. అసలు ఆ అంకే ముద్రించకపోతే అది కూడా రాయండి, వచ్చే వీడియోలో అలాంటి వాటితోనే మొదలుపెడతాను.