దీపం అడిగితే డప్పు చెప్పింది

శ్రోతలందరికీ నమస్కారం.

మా ఊళ్ళో, నా చిన్నప్పుడు, కిర్రు చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరుండేవారు. పాత నోటుపుస్తకంలో కాగితం చింపి నేల మీద పరిచి, దాని మీద మన పాదం పెట్టమనేవారు. పెన్సిల్‌తో చుట్టూ గీసుకునేవారు. ఆ పెన్సిల్ బొటనవేలి పక్కనుంచి మడమ దాకా వస్తుంటే చక్కిలిగింత పెట్టి కాలు లాగేసుకునేదాన్ని. "కదలకమ్మా, చెప్పు వంకరొస్తాది" అనేవారు. ఊళ్ళో ఎవరి పాదం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. ఎవరి చిటికెన వేలు బయటికి తిరిగి ఉంటుందో, ఎవరి మడమ ముందు అరుగుతుందో, అన్నీ తెలుసు.

మా నాన్నగారు ఆ చెప్పులేసుకుని వీధి మలుపు తిరుగుతుండగానే కిర్రు, కిర్రు అని వినపడేది. వంటింట్లోంచి అమ్మ, "నాన్నొస్తున్నారు, పీట వెయ్యి" అనేది. అంత దూరం వినపడేది. ఆ చప్పుడు విన్నవాళ్ళు ఎక్కడ కుట్టించారని అడిగేవారు. ఆ పెద్దాయనకి అంతకన్నా వేరే ప్రచారం అక్కర్లేకపోయింది.

ఇప్పుడు తోలు పని చేసేవాళ్ళకి కొనేవాళ్ళు వీధిలో లేరు. హైదరాబాదులో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, డల్లాస్‌లో ఉన్నారు. వాళ్ళ పాదం ఎలా ఉంటుందో మనవాళ్ళకి తెలియదు, మనవాళ్ళ చెయ్యి ఎలాంటిదో వాళ్ళకి తెలియదు. మధ్యలో ఉన్నది ఫోను. ఆ ఫోనుతో ఏం చెయ్యొచ్చో ఈ పదిహేను నిమిషాల్లో నేను చూసినంత మేరకు చెబుతాను.

మూడేళ్ళ క్రితం నేనూ నా స్నేహితురాలూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాం. చెప్పులు కుట్టేవాళ్ళు, బ్యాగులూ పర్సులూ చేసేవాళ్ళు, తోలుబొమ్మల వాళ్ళు, డప్పులు బిగించేవాళ్ళు, మృదంగాలు బాగుచేసేవాళ్ళు. రెండు తెలుగు రాష్ట్రాల్లో మాకు తెలిసినవాళ్ళని, వాళ్ళకి తెలిసినవాళ్ళని చేర్చాం. మొదట్లో ముప్ఫై మంది. వీళ్ళ సరుకు అమ్ముడుపోవాలి, అదొక్కటే మా కోరిక.

మొదటి ఆరు నెలలూ ఏమైందో తెలుసా? అందరూ తమ సరుకు ఫోటోలు పెట్టారు. రోజుకి ఇరవై ఫోటోలు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఎలా పోతుంది? గ్రూపులో ఉన్నవాళ్ళందరూ అమ్మేవాళ్ళే. తర్వాత ఫోటోలు తగ్గి పొద్దున పూట పూలబొమ్మలు, శుభోదయాలు మిగిలాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. మూసేద్దామా అని నా స్నేహితురాలు అడిగింది. మూసేద్దామనే అనుకున్నాం.

అప్పుడొక దీపం వచ్చింది. ఆ దీపం కథ మీకు పూర్తిగా చెప్పాలి. దానికి ముందు అది ఎలా తయారవుతుందో ఒక్క మాట.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఊరుంది. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుని వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, రెండో వైపు కొవ్వు కూడా గీకి, లాగి బిగించి ఎండబెడతారు. ఎండాక అది అద్దంలా కాదు గానీ, నూనె రాసిన కాగితంలా అవుతుంది, వెలుతురు లోపలికి వస్తుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న ఉలితో చిల్లులు కొడతారు. రాముడి కిరీటంలో, సీతమ్మ హారంలో, చీర అంచులో వందల కొద్దీ చిల్లులు. రంగులు రెండు వైపులా వేస్తారు. పగలు చూస్తే బొమ్మ. రాత్రి వెనక దీపం పెడితే ప్రతి చిల్లూ ఒక రాయిలా మెరుస్తుంది, నగ పెట్టినట్టే ఉంటుంది.

రాత్రంతా రామాయణం ఆడే రోజులు తగ్గాక ఆ చేతులే దీపాలకి మళ్ళాయి. ఇనుప చట్రం చుట్టూ అదే తోలు, అవే బొమ్మలు, లోపల బల్బు. ఆట ఆడే తెర ఇంటి మూలకి వచ్చి నిలబడిందన్నమాట. నాకు ఆ దీపాలంటే ప్రాణం, దాచుకోను.

సరే. మా గ్రూపులో ఆ పద్ధతిలో దీపాలు చేసే ఒకాయన ఉన్నారు. జులై నెల, ముసురు. రాత్రి ఎనిమిదింటికి ఆయన ఒక వాయిస్ పెట్టారు. టైపు చెయ్యడం ఆయనకి అలవాటు లేదు. నలభై సెకన్లు ఉంటుంది. గొంతులో కంగారు.

"అన్నా, విశాఖపట్నం పంపిస్తినే ఒక దీపం. తోలు జారిపోయిందంట. హనుమంతుని మొకమంతా ముడతలు పడిండాదంట. దుడ్డు వాపసు ఇయ్యమంటాండారు. నేను బాగానే బిగించి పంపిస్తిని. ఏం జేయాల్నో ఎవురన్నా చెప్పండన్నా."

వారం రోజుల కష్టం ఆ దీపం. డబ్బు తిరిగిస్తే తోలు డబ్బులు కూడా పోతాయి.

గంటసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఇంకో వాయిస్ వచ్చింది. తెలంగాణలో డప్పులు చేసే ఒకతను. అతను అంతకుముందు గ్రూపులో ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

"అన్నా, పరేషాన్ గాకు. మేం డప్పు గాసుకుంటం గదా. వానకాలం తోలు తడి గుంజుకుంటది, జారుతది. ఎచ్చ తగిల్తే మల్ల బిగుస్తది. నీ దీపంది గూడ తోలే గదా."

వింటున్నారు కదా. డప్పు వాయించే ముందు గడ్డిమంట దగ్గర కాచుకోవడం మనం అందరం చూసిందే. పెళ్ళి ఊరేగింపులో, జాతరలో, చావింటి ముందు. మంట దగ్గర డప్పుని అటూ ఇటూ తిప్పుతూ, వేలితో కొట్టి చూస్తూ, మళ్ళీ కాస్తూ. ఆ చూసింది దీపానికి పనికొస్తుందని నాకు తట్టలేదు. దీపం చేసే ఆయనకీ తట్టలేదు. ఆయనుండే అనంతపురం వైపు గాలి పొడిగాలి. అక్కడ బిగించిన తోలు అక్కడ బిగువుగానే ఉంటుంది. సముద్రపు ఒడ్డున, పది రోజుల వానలో, కిటికీ పక్కన పెడితే ఏమవుతుందో ఆ ఊళ్ళో ఉండి ఎలా తెలుస్తుంది?

ఇక ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. మృదంగాల ఆయన అందుకున్నారు. "ఎండలో మాత్రం పెట్టించొద్దండి, ఒక్కసారిగా బిగిస్తే కుట్టు దగ్గర చిరుగుతుంది" అన్నారు. ఇంకొకరు అడిగారు, లోపల ఏ బల్బు అని. ఎల్ఈడీ. దాని వేడి ఒక్కటే చాలదు. పాత రకం బల్బు పెడితే మరీ వేడెక్కి తోలు ముడుచుకుపోవచ్చు. చివరికి తేల్చింది ఇది: దీపాన్ని కిటికీ పక్కనుంచి తీసి, లోపలి గదిలో, ఫ్యాను గాలికి, బల్బు వెలిగించి రెండు రోజులు ఉంచమని చెప్పాలి. తొందరపడొద్దని చెప్పాలి.

మూడో రోజు విశాఖపట్నం నుంచి ఫోటో వచ్చింది. హనుమంతుడి బుగ్గలు మళ్ళీ నిండుగా ఉన్నాయి. డబ్బు వాపసు మాట వాళ్ళే మానేశారు.

ఆయన ఇప్పుడు ప్రతి పార్సిల్‌లో ఒక చీటీ పెడుతున్నారు. కూతురి చేత రాయించిన చీటీ. "ఇది మేకతోలు. వానాకాలంలో కొంచెం జారుతుంది. లోపలి గదిలో పెట్టి వెలిగిస్తే మళ్ళీ బిగుస్తుంది. భయపడొద్దు." అంతే. ఆ చీటీని ఎవరో కొన్నవాళ్ళు ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. ఆ తర్వాత ఫోన్ చేసినవాళ్ళు, ఆ చీటీ చదివామండీ, అందుకే మీ దగ్గర కొంటున్నాం అన్నారు. వస్తువు లోపాన్ని ముందే చెప్పేవాడి మీద నమ్మకం కుదురుతుంది. తోలుకి అది లోపం కూడా కాదు, దాని గుణం.

ఆ రాత్రి నుంచి మా గ్రూపు మారింది. అమ్మకాల ఫోటోలు ఆదివారం మాత్రమే అని పెట్టుకున్నాం. మిగిలిన ఆరు రోజులూ అడగడానికే. అడగడానికే. చెప్పుల మీద తెల్లటి బూజు వస్తే ఏం చెయ్యాలి? తంగేడు చెక్కతో ఊనిన, అంటే నానబెట్టి పదునుచేసిన తోలు ఇంకా ఎక్కడ దొరుకుతుంది? తోలుకి చిల్లు పొడిచే ఆరె మొన విరిగితే కొత్తది ఎవరు చేసిస్తారు? అన్నీ గొంతులతోనే. రాయడం రాదని ఇన్నాళ్ళూ వెనక కూర్చున్నవాళ్ళే ఎక్కువ మాట్లాడుతున్నారు. రేడియోలో మాట్లాడుతున్నానని చెప్పడం కాదు గానీ, గొంతులో ఉన్న నమ్మకం అక్షరాల్లో అంత తొందరగా రాదు.

ఇంకొకటి బయటపడింది. ఒకే రకం పర్సు చేసే ఇద్దరికి, ఒకే వ్యాపారి, "పక్కవాళ్ళు మీకన్నా యాభై రూపాయలు తక్కువకి ఇస్తున్నారు" అని ఇద్దరికీ చెబుతూ వచ్చాడట. ఇద్దరూ ధర తగ్గిస్తూ వచ్చారు. గ్రూపులో ఒక సాయంత్రం మాటల్లో మాటగా ధర చెప్పుకున్నారు. రెండేళ్ళుగా ఒకరికొకరు తెలియకుండా ఒకరి కడుపు ఒకరు కొట్టుకున్నారని ఆ సాయంత్రమే తెలిసింది. ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే ధర.

అందుకే అంటున్నాను, ముందు చేసేవాళ్ళని చేసేవాళ్ళతో కలపండి. కొనేవాళ్ళు ఆ తర్వాత వస్తారు.

ఒక కష్టమైన విషయం కూడా చెప్పాలి. మా గ్రూపులో చాలామంది వస్తువు ఫోటో పెడతారు గానీ తమ ఫోటో పెట్టరు. ఎందుకో మీకు తెలుసు. తోలు పని అనగానే మొహం చిట్లించే లోకం మనది. తోలు ఊనే లంద ఊరి బయట, ఆ మనుషులూ ఊరి బయట. వాళ్ళు కుట్టిన చెప్పులు మాత్రం ఊరంతా తిరిగాయి. ఒక అమ్మాయి, చెప్పులు కుట్టేవారి కూతురు, నాతో అన్నది: "మేడం, నాన్న చేసిన బ్యాగు నా పేజీలో పెడతాను, నాన్నని పెడితే కాలేజీలో తెలిసిపోతుంది." ఆ పిల్లని నేను తప్పు పట్టను. తప్పు ఆ పిల్లది కాదు. మనం, కొనేవాళ్ళం, ఆ బ్యాగు చేసినవారి పేరు అడగడం మొదలుపెడితే ఆ భయం కొంచెమైనా తగ్గుతుందని నా ఆశ.

పేరు ఎంత పని చేస్తుందో 2025లో చూశాం. జూన్‌లో మిలాన్‌లో ప్రాడా అనే ఇటలీ కంపెనీ ఫ్యాషన్ ప్రదర్శనలో కొల్హాపురి చెప్పుల్లాంటివి వేసుకుని మగ మోడళ్ళు నడిచారు. కొల్హాపూర్ పేరు మాత్రం ఎక్కడా లేదు. కొల్హాపురి చెప్పులకి 2019 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతంలో చేసినవాటికే చెల్లుతుంది: మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు జిల్లాలు. ఫోన్లలో ఆ బొమ్మలు చూసిన మామూలు జనం ఇవి మావి కదా అన్నారు. గట్టిగా అన్నారు. భారతదేశపు సంప్రదాయ చెప్పులే స్ఫూర్తి అని కంపెనీ ఒప్పుకుంది. డిసెంబరుకల్లా రెండు రాష్ట్రాల తోలు పరిశ్రమ సంస్థలతో ఒప్పందం కుదిరి, ఇక్కడి పనివాళ్ళ చేతే 2,000 జతలు చేయిస్తామన్నారు. జత ధర సుమారు 800 యూరోలు. అందులో కుట్టినవారి చేతికి వచ్చేదెంత అన్నది నా మనసులో మెదిలే ప్రశ్న. కానీ ఒకటి గమనించండి. ఆ చెప్పులకి ఊరి పేరు ఉంది కాబట్టే జనం అడగగలిగారు. ఊరి పేరు లేని చెప్పు గురించి ఎవరు అడుగుతారు?

మన తోలుబొమ్మలకీ 2008 నుంచి ఆ గుర్తింపు ఉంది. అయినా మనవాళ్ళ ఫోటోల కింద చూడండి, "హ్యాండ్‌మేడ్ లెదర్ ల్యాంప్" అని ఉంటుంది. ప్రపంచంలో అలాంటివి వేలు. "నిమ్మలకుంట తోలుబొమ్మ దీపం" అని ఎందుకు రాయరు? అది ఒక్క ఊళ్ళోనే పుడుతుంది.

సమయం దగ్గర పడుతోంది. ఈ రోజు ఒక్క పని చెప్పి ముగిస్తాను. ఒక్కటే.

మీకు తెలిసిన తోలు పనివారు ఎవరైనా ఉంటే, ఈ వారం వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఫోటో మీరు తియ్యండి. దీపమైతే పొద్దు కుంకే వేళకి వెళ్ళండి, పూర్తిగా చీకటి పడకముందు. రెండు ఫోటోలు తియ్యండి. ఒకటి ఆర్పి, ఒకటి వెలిగించి. ఫ్లాష్ వద్దు, ఫ్లాష్ వేస్తే చిల్లుల్లోని వెలుతురు చచ్చిపోతుంది. ఫోన్ తెర మీద దీపాన్ని వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి జరపండి, రంగులు నిలబడతాయి. చెప్పులైతే వాకిట్లో నీడలో, పక్కన ఆరె, తోలు కోసే రంపె పెట్టి తియ్యండి. చేసినవారి చెయ్యి ఫోటోలో కనపడాలి. మొహం పెట్టాలా వద్దా అన్నది వాళ్ళని అడగండి, వాళ్ళ ఇష్టం. కింద మూడు మాటలు రాయండి: ఏ ఊరు, ఎవరు చేశారు, ఎన్ని రోజులు పట్టింది. పేరు కూడా వాళ్ళు సరేనంటేనే. వాళ్ళకి టైపు చెయ్యడం రాకపోతే మీరు చేసిపెట్టండి, లేదా వాళ్ళ గొంతే రికార్డు చేసి పెట్టండి.

పొద్దు కుంకాక తొందరగానే చీకటి పడిపోతుంది. కొంచెం ముందుగానే బయల్దేరండి.

సెలవు.