రోగి మంచం పక్కన ప్రార్థన

శ్రోతలకు నమస్కారం.

ఆసుపత్రిలో రోగుల్ని చూడనిచ్చే సాయంత్రం వేళ. తిరుపతిలో అయినా, చిత్తూరులో అయినా, వార్డులో ఏదో ఒక మంచం చుట్టూ ఏడెనిమిది మంది నిలబడి ఉంటారు. సంఘం నుంచి వచ్చినవాళ్లు. ఒక పాట, ఒక వాక్యం, ఒక ప్రార్థన. రోగి కళ్లు మూసుకునే ఉంటాడు, నిద్రో నీరసమో తెలీదు. వెళ్లేముందు ఒకాయన భుజం తట్టి, "విశ్వాసం ఉంటే చాలు, వచ్చే ఆదివారానికి నువ్వే మందిరానికొచ్చి సాక్ష్యం చెబుతావు" అంటాడు. ఇంకొకామె గొంతు తగ్గించి, "దేవుడి దగ్గర ఏమైనా దాచిపెట్టావేమో, ఒప్పేసుకో నాయనా" అంటుంది.

ఇద్దరూ మంచివాళ్లే. సొంత డబ్బుతో బస్సెక్కి పీలేరు నుంచో, పుత్తూరు నుంచో వచ్చినవాళ్లే. కానీ వాళ్లు వెళ్లిపోయాక ఆ రోగికి జబ్బుతో పాటు ఇంకో రెండు బరువులు మిగులుతాయి. తగ్గకపోతే నా విశ్వాసం చాలలేదన్నమాట. జబ్బు వచ్చిందంటే నేనేదో తప్పు చేశానన్నమాట. ఈ రెండింటినీ బైబిలు ఒప్పుకోదు. ఈ పూట చెప్పదలచుకున్నది అదే. కష్టంలో క్రైస్తవుడు పెట్టుకునే నమ్మకానికి ఏడుపు అడ్డు కాదు, మందు అడ్డు కాదు, ఇవాళ తగ్గకపోవడం కూడా అడ్డు కాదు.

ముందు ఆ తప్పు సంగతి. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగేది సరిగ్గా ఇదే: ఎవరి పాపం, వీడిదా, వీడి కన్నవాళ్లదా? యేసు ఇద్దరిదీ కాదన్నాడు. యోబు గ్రంథంలో 42 అధ్యాయాలు ఉంటే, అందులో చాలా భాగం ముగ్గురు స్నేహితులు కష్టాల్లో పడ్డ యోబు చేత లేని తప్పు ఒప్పించాలని పడే తంటానే. చివర్లో దేవుడు కోపగించుకున్నది యోబు మీద కాదు, తన తరఫున మాట్లాడామనుకున్న ఆ ముగ్గురి మీద. ఒక మాట మాత్రం వాళ్ల పక్షాన చెప్పాలి. వచ్చిన కొత్తలో వాళ్లు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా యోబు పక్కన నేలమీద కూర్చున్నారు. చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే చెడింది.

ఇక ఏడుపు సంగతి. కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. వాటిలో దాదాపు మూడో వంతు మొరలే. మన సంఘాల్లో మాత్రం స్తుతి కీర్తనలే ఎక్కువ వినబడతాయి. 23, 91, 103 పిల్లలకు కూడా కంఠతా వచ్చు. 13, 42, 77, 88 చదివేవాళ్లు తక్కువ. రోగి ఇంట్లో గోడ మీద క్యాలెండరులోనూ వాగ్దానమే ఉంటుంది, మొర ఉండదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డు కూడా అంతే. ఆ కార్డు మీద వాక్యం బాగానే ఉంటుంది, కాని దాన్ని ఆ ఏడాది ఫలితాల పత్రం అనుకుంటేనే చిక్కు.

13వ కీర్తన చూడండి. ఆరే వచనాలు, నిమిషంలో అయిపోతుంది. మొదటి రెండు వచనాలు ఫిర్యాదు. ఎన్నాళ్లు, ఎంతకాలం అని దావీదు మళ్లీ మళ్లీ అడుగుతాడు, నన్ను మరచిపోయావా అని నిలదీస్తాడు. మూడు, నాలుగు వచనాలు అడుక్కోవడం: నావైపు చూడు, జవాబియ్యి, నా కళ్లకు వెలుగియ్యి. ఐదు, ఆరు వచనాల్లో గానీ నమ్మకం మాట రాదు. పరిస్థితి మారిందని ఆ కీర్తనలో ఎక్కడా లేదు. శత్రువు అక్కడే ఉన్నాడు. మాట్లాడుతున్న మనిషి మాత్రం ఎవరితో మాట్లాడుతున్నాడో ఆయన మీద ఆనుకున్నాడు.

ఈ మూడు మెట్లూ ఎవరికి వారు వాడుకోవచ్చు. ఒక నోటుపుస్తకం, పెన్ను, పది నిమిషాలు చాలు. రాయడం రానివాళ్లు చెబితే పక్కనున్నవాళ్లు రాయొచ్చు. మొదట బాధను ఉన్నదున్నట్టు, పేరు పెట్టి చెప్పాలి. "ప్రభువా, నా కష్టాలు నీకు తెలుసు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అక్కడ మొర లేదు. డయాలసిస్ చేయించుకునే మనిషి అయితే ఇలా ఉండొచ్చు: "దేవా, వారానికి మూడుసార్లు ఆ మిషను పక్కన నాలుగు గంటలు పడుకుంటున్నాను. చీకటితో లేచి బస్సు పట్టుకోవాలి. దాహమేసినా గ్లాసుడు నీళ్లు తాగే రాత లేదు. నాకు తోడు రావడానికి నా భార్య పని మానుకుంది. ఇంకెన్నాళ్లు? నన్ను మరిచావా?" తరువాత అడగాలి. పెద్దది అడగొచ్చు, బాగు చేయమని అడగడం తప్పు కాదు. దానితో పాటు చిన్నవీ అడగాలి. రేపు సూది ఒక్క పోటుతోనే పడాలని, ఈ రాత్రి నాలుగు గంటలు నిద్ర పట్టాలని, అమ్మాయి పరీక్ష ఫీజు సర్దుబాటు కావాలని. చివర, నమ్మకం గురించి ఎంత చెప్పగలరో అంతే చెప్పాలి. "ఇవాళ్టి వరకు మోసింది నువ్వే, రేపటికీ నిన్నే అడుగుతాను" అన్నా చాలు.

దీంట్లో సాధారణంగా మూడు చోట్ల పొరపాటు పడుతుంది. మొదటిది, ఫిర్యాదు దాటేసి నేరుగా స్తోత్రానికి దూకడం. దేవుడితో అలా మాట్లాడకూడదేమో అన్న భయం వల్ల ఇది జరుగుతుంది. అప్పుడు లోపలి కోపం ఎక్కడికీ పోదు, ఇంట్లోవాళ్ల మీదికి మళ్లుతుంది. రెండోది, ఫిర్యాదు దగ్గరే ఆగి ఏమీ అడక్కుండా ముగించడం. మూడోది, ఆఖరి రెండు వచనాలు బలవంతంగా తెప్పించుకోవడం. రాకపోతే ఆ రోజుకి అక్కడితో ఆపేయొచ్చు. 88వ కీర్తన అలా ఆగిపోయిందే. ఆ కీర్తన ఆఖరు మాట చీకటి గురించి. అయినా దాన్ని పరిశుద్ధ గ్రంథంలోంచి ఎవరూ తీసెయ్యలేదు. సిలువ మీద యేసు నోట వచ్చింది కూడా 22వ కీర్తనలోని మొదటి మాట, నన్నెందుకు చెయ్యి విడిచావన్న ప్రశ్నే. చనిపోయిన స్నేహితుడు లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా, సమాధి దగ్గరికి వెళ్తూ ఆయన కన్నీళ్లు విడిచాడు. అక్కడ ఆయన్ను విశ్వాసం లేనివాడని ఎవరూ అనలేదు.

ఇప్పుడు మందుల సంగతి. ఇది కాస్త గట్టిగానే చెప్పాలి.

ప్రార్థన చేయించుకున్నాక మాత్ర మింగితే విశ్వాసం తక్కువైనట్టు అనుకునేవాళ్లు మన మధ్య ఉన్నారు. యెషయా 38వ అధ్యాయంలో జబ్బుపడ్డ హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థన చేశాడు. ఇంకా 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాటిచ్చాడు. ఆ మాట తెచ్చిన యెషయా ప్రవక్తే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టు కట్టమన్నాడు. వాగ్దానమూ, పట్టూ ఒకే నోటి నుంచి వచ్చాయి. తన శిష్యుడు తిమోతికి తరచూ కడుపు జబ్బు చేస్తుంటే అపొస్తలుడైన పౌలు ఏం తీసుకోవాలో రాశాడు, నీకు విశ్వాసం చాలదని రాయలేదు. తోటి పనివాడు త్రోఫిము జబ్బు పడితే మిలేతు ఊళ్లో దిగవిడిచి వచ్చానని కూడా రాశాడు. పౌలు ప్రార్థించినవాళ్లందరూ అక్కడికక్కడే లేచి కూర్చోలేదు. తన శరీరంలో ముల్లులాంటి బాధను తీసేయమని ఆయన మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అన్నదే.

మన ప్రాంతానికి ఇది కొత్త పాఠమేమీ కాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్లు కలిసి కట్టిన క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. క్షయ క్రిమిని చంపే స్ట్రెప్టోమైసిన్ మందు కనిపెట్టింది 1943లో. అంటే దాదాపు 30 ఏళ్ల పాటు ఆ క్రిమిని చంపే మందు చేతిలో లేకుండానే అక్కడ క్షయ రోగుల్ని చూశారు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి, నెలల తరబడి ఓపిక. దేవుడి మీద నమ్మకం అక్కడ మంచాల వరసగా, వేళకు అందే భోజనంగా కనబడింది.

ఇవాళ ఆ జబ్బుకి మందు ఉంది, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలల కోర్సు, మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు రకాలు. కొన్ని వారాల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. సరిగ్గా అప్పుడే "దేవుడు ముట్టాడు" అని మాత్రలు ఆపేస్తారు. మిగిలిన క్రిములు ఆ మందుకి లొంగనివిగా తయారవుతాయి, ఆ తర్వాతి చికిత్స ఇంకా కష్టం. దేవుడు ముట్టాడనే అనుకోండి, ఆరు నెలల మాత్రలూ మింగి, పరీక్షలో తేలాక సాక్ష్యం చెప్పండి. సాక్ష్యం ఎక్కడికీ పోదు. బీపీ మాత్ర, మూర్ఛ మాత్ర, ఇన్సులిన్ కూడా అంతే. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్సు ఆగకుండా వచ్చే ప్రమాదముంది. ఇన్సులిన్ గానీ షుగరు మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా ఉపవాస ప్రార్థనలో కూర్చోకూడదు. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే దాన్ని ఆత్మ కదలిక అనుకోవద్దు, షుగరు పడిపోయి ఉండొచ్చు. తెలివిలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

చనిపోతే బాగుండునని నోట మాట వస్తే, దాన్ని పాపమని గద్దించకండి. మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త ఒక చెట్టు కింద కూలబడి అదే మాట అన్నాడు. దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. మాటలు తరువాత వచ్చాయి. అలాంటి మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుల మందు, ఎక్కువ మోతాదు మాత్రలు చేతికందకుండా తీసేయండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (మనసు బాధలకు ప్రభుత్వ ఫోన్ సాయం) వాళ్లు ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

వార్డుకి వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. ఇద్దరు చాలు. పది నిమిషాలు చాలు. చేతులు కడుక్కుని వెళ్లండి, మంచం మీద కూర్చోకండి. "ప్రార్థన చేయమంటావా?" అని అడిగి, వద్దంటే నొచ్చుకోకుండా ఊరుకోండి. పక్క మంచంలో పడుకున్నాయన గోవింద నామం చెప్పుకుంటూ ఉండొచ్చు, అవతలి మంచంలో ఒకామెకు అప్పుడే కన్ను అంటుకుని ఉండొచ్చు. దేవుడికి వినబడడానికి గొంతు పెంచనక్కర్లేదు. ప్రార్థనలో ప్రసంగం కలపకండి, రోగికి చెప్పాల్సింది దేవుడి పేరున చెప్పకండి. ఏడెనిమిది వాక్యాలు, అందులో రోగి తన నోటితో చెప్పిన బాధ ఒకటి తప్పకుండా ఉండాలి. అప్పుడు అతనికి తెలుస్తుంది, తన మాట విన్నారని.

ఇంతకంటే ముఖ్యం, రోగికి తోడున్న మనిషి. నాలుగు రాత్రులు మంచం కింద చాప మీద పడుకున్న తల్లో, అక్కో. ఆమెను "తిన్నావా" అని అడిగితే తిన్నానంటుంది. అడగడం కాదు, సాంబారన్నం పొట్లం చేతిలో పెట్టండి. "నేనిక్కడ మూడు గంటలు కూర్చుంటాను, నువ్వెళ్లి స్నానం చేసి కాసేపు పడుకో" అనండి. ఏ మాత్ర ఎన్నింటికి, సెలైన్ సీసా అయిపోతే ఎవర్ని పిలవాలి అన్నది రాసుకుని ఆమెను పంపండి. యాయీరు అనే ఆయన చనిపోయిన కూతుర్ని బతికించి లేపిన వెంటనే యేసు చెప్పిన మాట ఏంటో గుర్తు చేసుకోండి: ఆ పిల్లకి తినడానికి ఏమైనా పెట్టండి అన్నాడు.

సమస్తమూ సమకూడి మేలుకే జరుగుతుందన్న మాట, రోమా 8వ అధ్యాయం 28వ వచనం, మంచం పక్కన అందరి నోటా వస్తుంది. దానికి ముందున్నవి కూడా చదవాలి. 22వ వచనంలో సృష్టి అంతా మూలుగుతోంది. 23లో విశ్వాసులు మూలుగుతున్నారు. 26లో ఎలా ప్రార్థించాలో తెలియని మనకోసం దేవుని ఆత్మే మాటల్లో చెప్పలేని మూలుగులతో వేడుకుంటున్నాడు. ఈ మూడు మూలుగులూ దాటాకే 28వ వచనం వస్తుంది. మూలిగేవాడితో కలిసి మూలగనివాడు ఆ వచనం చెప్పకపోవడమే మేలు. క్రైస్తవ నిరీక్షణ ఆపరేషను ఫలితం మీద నిలబడింది కాదు. ఆదివారం తెల్లవారుజామున ఖాళీగా కనబడ్డ సమాధి మీద, ఈ శరీరాన్ని కూడా దేవుడు లేపుతాడన్న మాట మీద నిలబడింది. అందుకే బాగైనవాడి ఇంట్లోనూ, చనిపోయినవాడి ఇంట్లోనూ అదే నిరీక్షణ చెప్పగలుగుతాం. థెస్సలొనీకయులకు పౌలు దుఃఖపడొద్దని రాయలేదు, నిరీక్షణ లేనివాళ్లలాగా దుఃఖపడొద్దని రాశాడు.

సమాధి కార్యక్రమానికి ఊరంతా వస్తుంది. ఆదరణ కూడికకూ వస్తారు, భోజనాలు అవుతాయి, షామియానా విప్పేస్తారు. ఆ తరువాతి నెలంతా ఆ గడప తొక్కేవాళ్లు ఉండరు. కాబట్టి ఆదరణ కూడిక రోజే సంఘంలో ఇద్దర్ని అనుకుని, క్యాలెండరులో నాలుగు తేదీలు గుర్తు పెట్టుకోండి: పదిహేనో రోజు, నెల తిరిగిన రోజు, పోయినవాళ్ల పుట్టినరోజు, మొదటి క్రిస్మస్. వెళ్లినప్పుడు చనిపోయిన మనిషి పేరు ఎత్తి మాట్లాడండి, పేరెత్తితే ఏడుస్తారేమోనని దాచకండి. మరణ ధ్రువపత్రం వచ్చిందా, బ్యాంకు పాసుపుస్తకం మార్పించారా, వితంతు పింఛనుకి దరఖాస్తు పెట్టారా అని అడిగి, కావాలంటే సచివాలయానికి తోడు వెళ్లండి. కాగితాల పని అయ్యాక, ఆమె ఒప్పుకుంటే, అక్కడే 13వ కీర్తన ఆమె చేత చదివించండి. ఆఖరి రెండు వచనాలు ఆమెకు నోట రాకపోతే, మీరు చదవండి.

నమస్కారం.