చీరల సైట్‌కి కీవర్డ్స్ ఎలా వెతకాలి? మంగళగిరి ఉదాహరణతో

అందరికీ నమస్తే. కీవర్డ్స్ అంటే జనం గూగుల్‌లో వెతకడానికి కొట్టే మాటలు. మొన్న మంగళగిరి చీరలు అమ్మే ఒక చిన్న సైట్ తెరిచి చూశాను. మొదటి పేజీ టైటిల్ "ప్రీమియం హ్యాండ్‌లూమ్ కలెక్షన్". చీర కొనాలనుకున్న మీ వదినగారు గూగుల్‌లో ఇలా కొడతారా? కొట్టరు కదా. ఆ టైటిల్ రాసింది ఎవరో కాదండి, రెండేళ్ళ కింద నేనే.

అందుకే ఇవాళ టూల్స్ తర్వాత, ముందు ఒక నోట్‌బుక్ తీసుకోండి. షాపు కౌంటర్ దగ్గర ఒక పూట కూర్చుని, వచ్చినవాళ్ళు ఏమడుగుతున్నారో అదే మాటల్లో రాసుకోండి. మన సైట్‌లో "80 కౌంట్" అని గొప్పగా రాసుకుంటాం. అది నూలు ఎంత సన్నమో చెప్పే లెక్క, నేసేవాళ్ళ మాట. నిజాం బార్డర్ పేరు చెప్పి అడిగేవాళ్ళు ఉంటారు గానీ, కౌంట్ అడిగిన కస్టమర్ నాకింతవరకు తగల్లేదు. వచ్చినావిడ "ఆఫీసుకి రోజూ కట్టుకునేలా, గంజి పెట్టక్కర్లేని కాటన్ చూపించండి" అంటారు. ఆవిడే రాత్రి ఫోన్ పట్టుకుని "ఆఫీస్ వేర్ కాటన్ శారీస్" అని కొడతారు. మనకి కావాల్సిన కీవర్డ్ అది. షాపు లేకపోతే వాట్సాప్‌లో వచ్చిన పాత మెసేజీలు తిరగేయండి, అదే సరుకు అక్కడా దొరుకుతుంది.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఇన్‌కాగ్నిటో విండో, అంటే బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచాను, లేదంటే నేను పాతవి వెతికినవన్నీ కలిసిపోతాయి. "మంగళగిరి" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఎంటర్ నొక్కకుండా ఆగండి. ఈ ఒక్క మాట కొట్టేవాళ్ళలో పానకాల స్వామి గుడికి వెళ్ళేవాళ్ళుంటారు, ఎయిమ్స్‌కి వెళ్ళేవాళ్ళుంటారు. వాళ్ళు మన సైట్‌కి వచ్చినా చీర కొనరు. అందుకని "మంగళగిరి కాటన్ శారీ" దాకా కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఏ, బీ, సీ అంటూ ఒక్కో అక్షరం మార్చుకుంటూ పోండి. అక్షరం మారినప్పుడల్లా కింద వచ్చే సూచనలు మారతాయి. అవి జనం నిజంగా వెతికిన మాటల నుంచి వచ్చేవే, పనికొచ్చేవన్నీ రాసుకోండి.

రాసుకున్నాక మాట వెనక మనిషిని చూడండి. "ధర" అని కొట్టినావిడ కొనడానికే వచ్చారు, ఆవిడకి రేట్లు కనిపించే పేజీ చూపించాలి. "కాటన్‌కీ పట్టుకీ తేడా" అని వెతికినావిడ ఇంకా ఆలోచనలోనే ఉన్నారు, అక్కడ వివరంగా రాసిన పేజీ కావాలి. "ఎలా ఉతకాలి" అన్నావిడ దగ్గర చీర ఆల్రెడీ ఉంది! ముగ్గురినీ ఒకే పేజీలో కుక్కితే ఎవరికీ పని జరగదు.

స్పెల్లింగ్ గురించి చాలామంది టెన్షన్ పడతారు. ఇంగ్లీషులో మధ్యలో ఒక "ఏ" ఎగరగొట్టి "మంగళ్‌గిరి" అని రాసేవాళ్ళున్నారు. మామూలు తప్పుల్ని గూగులే సరిదిద్దుకుంటుంది, పేజీలో అన్ని రకాలూ నింపకండి. అలా నింపితే స్పామ్ కింద లెక్కేస్తారు.

గూగుల్ ఇచ్చే కీవర్డ్ ప్లానర్ అనే టూల్ గురించి ఒక్క మాట. అది ప్రకటనలు ఇచ్చేవాళ్ళ కోసం చేసింది. అందులో కాంపిటీషన్ దగ్గర "హై" అని ఉంటే, ఆ మాట మీద ప్రకటనల పోటీ ఎక్కువని అర్థం. మామూలు ఫలితాల్లో మీకు చోటు దొరకదని కాదు. ఇది తెలియక మంచి కీవర్డ్స్ వదిలేసుకున్నవాళ్ళని చూశాను. ఏ మాట ఎప్పుడు ఎక్కువ వెతికారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో కనిపించే 0 నుంచి 100 అంకెలు కూడా ఎంతమంది వెతికారన్న లెక్క కాదు, పోలిక మాత్రమే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది సెర్చ్ కన్సోల్, మన సైట్ గూగుల్ సెర్చ్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ టూల్. సైట్ కొన్ని నెలలుగా నడుస్తుంటే పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్ళి క్వెరీస్, అంటే జనం వెతికిన మాటలు తెరవండి. 16 నెలల వెనక్కి చూడొచ్చు. ఇంప్రెషన్స్ (ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించామో ఆ లెక్క) బాగా ఉండి, క్లిక్స్ వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉండి, పొజిషన్, అంటే ఫలితాల్లో మన స్థానం, 8 నుంచి 20 మధ్య ఉన్న మాటలు ఏరండి. ఆ మాటలకి గూగుల్ మిమ్మల్ని ఇప్పటికే చూపిస్తోంది, జనమే క్లిక్ చేయట్లేదు. ముందు ఆ పేజీల టైటిల్స్ మార్చండి.

మార్చేటప్పుడు కీవర్డ్ టైటిల్‌లో మొదట్లో రావాలి, హెడింగ్‌లో ఒకసారి, లోపల సహజంగా ఎక్కడ వస్తే అక్కడ. మెటా కీవర్డ్స్ ట్యాగ్, అంటే పేజీ కోడ్‌లో కనిపించకుండా కీవర్డ్స్ రాసే చోటు, నింపుతూ కూర్చోకండి, ర్యాంకింగ్‌కి దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఇప్పటికీ దానికి విడిగా డబ్బులు అడిగేవాళ్ళున్నారు, ఇవ్వకండి.

నా టైటిల్ ఇప్పుడు ఇలా మార్చాను, చూడండి: "మంగళగిరి కాటన్ చీరలు, ఆఫీస్ వేర్, ధరలతో". సేవ్ కొడుతున్నా. మూడు నాలుగు వారాలాగి క్వెరీస్ మళ్ళీ తెరుస్తాను. అప్పటికీ క్లిక్స్ పెరగకపోతే, ఆ స్క్రీన్ కూడా మీకు చూపిస్తాను.