అమ్మ భుజం నొప్పి

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట మీతో ఒక నొప్పి గురించి మాట్లాడాలని వచ్చాను. భుజం నొప్పి.

ఆలేరు దగ్గర శారాజీపేట అని ఒక ఊరుంది. అప్పట్లో నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. నేతపని వాళ్ళ ఊరు. పోచంపల్లి చీర మీద మనం చూసి మురిసిపోయే ఆ డిజైను మగ్గం మీద పుట్టదు. ముందు నూలు మీదే రంగులు పడతాయి, ఆ తర్వాత నేత. రంగులద్దాలంటే దారాన్ని లెక్క తప్పకుండా సర్దుకోవాలి. దాన్ని ఆసు పోయడం అంటారు.

ఆసు ఎలా ఉంటుందో చెప్తాను, ఊహించుకోండి. ఒక పక్క ఒకే మేకు. ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. ఈ మేకు దగ్గర నుంచి దారం తీసుకెళ్ళి ఆ మేకుకు చుట్టి వెనక్కి తేవాలి. మళ్ళీ తీసుకెళ్ళాలి, మళ్ళీ తేవాలి. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అలా ఆడాలి. మళ్ళీ చెప్తున్నాను, 9,000 సార్లు. ఒక్కో ఊపు మీటరు అనుకున్నా, చీర పూర్తయ్యేసరికి ఆ చెయ్యి తొమ్మిది కిలోమీటర్లు నడిచినట్టు! ఈ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళదే.

ఆ ఊళ్ళో లక్ష్మి గారనే తల్లి రోజూ ఆసు పోసేది. భుజం లాగేది, మోచెయ్యి నొప్పి పెట్టేది. ఇదేం కొత్త సంగతి కాదు. పక్కింట్లోనూ అదే నొప్పి, ఎదురింట్లోనూ అదే నొప్పి. అందరికీ ఉన్న నొప్పి కాబట్టే అది ఎవరికీ సమస్యలా కనిపించలేదు. నేతపని అన్నాక ఇవన్నీ మామూలే అనుకున్నారు.

ఆమె కొడుకు మాత్రం అలా అనుకోలేకపోయాడు. ఆయనే చింతకింది మల్లేశం గారు. ఆరో తరగతితోనే చదువు ఆగిపోయిన మనిషి. అమ్మ చెయ్యి చేసే పని యంత్రం చేస్తే బాగుండునని 1992లో మొదలుపెట్టారు. చేతిలో డబ్బు లేదు, ఇంజనీరింగ్ తెలియదు. కాస్త డబ్బు చేరితే ఒక భాగం చేయించడం, అయిపోతే ఆపేయడం. ఊళ్ళో నవ్వినవాళ్ళున్నారు. మధ్యలో బతుకుతెరువు కోసం హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది. ఆసులో ఒక కదలిక మాత్రం ఎంతకీ కుదరలేదు. ఒకరోజు పని చేయడానికి వెళ్ళిన చోట ఏదో యంత్రం తిరుగుతుంటే చూశారు. తనకు కావలసిన కదలిక అదే! ఏళ్ళ తరబడి అదే ఆలోచనలో ఉన్న కళ్ళకే అది ఆనుతుంది, నాకైతే అలా అనిపిస్తుంది.

1999లో యంత్రం పూర్తయింది. గంటల తరబడి పట్టే ఆసు గంటన్నరలో అయిపోయింది. దానికి లక్ష్మి ఆసు యంత్రం అని అమ్మ పేరే పెట్టుకున్నారు. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఆ ఏడేళ్ళ పట్టుదలను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసిందే. నాకు మాత్రం 1992కు ముందు రోజులు ఎక్కువ గుర్తొస్తాయి. అమ్మ నొప్పిని తలరాత అనుకోకుండా, ఇది తీర్చవలసిన సమస్య అని ఒక కుర్రవాడు అనుకున్నాడే, ఆ క్షణం. అది లేకపోతే యంత్రమే లేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను, చాలా చిన్నది. మా అమ్మ ఉప్పు డబ్బా కోసం మూడు పూటలా మునివేళ్ళ మీద లేచేది. అల్మరా ఎత్తు. ఒకరోజు పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి చూశాను. డబ్బా అందుకుని, ఒక్క క్షణం నడుం పట్టుకుంది. "ఎప్పటినుంచమ్మా?" అన్నాను. "అలవాటైపోయిందిలేరా" అంది. పొయ్యి పక్కన చిన్న చెక్క బిగించడానికి అరగంట పట్టింది. నా కంట పడడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

అందుకని మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. ఈ రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లో పని చేసే మనిషి పక్కన కూర్చోండి. రోజంతా చేసే పనుల్లో ఏది చేసేటప్పుడు నొప్పి పుడుతోందో అడగండి. రోజుకు ఎన్నిసార్లు చేయాల్సి వస్తోందో కూడా అడగండి.

"ఏం లేదులే" అంటారు. ఇంకోసారి అడగండి.

నమస్కారం.